టర్బో కారుకు వైడ్‌బ్యాండ్ సెన్సర్: ఎంపిక నుంచి నమ్మదగిన రీడింగు దాకా

1వ రోజు

ఇంజను పని పూర్తయింది. 1.8 లీటర్లు, నాలుగు సిలిండర్లు, కొత్త టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, పాత కంప్యూటర్ స్థానంలో మనమే ట్యూన్ చేసుకునే ఈసీయూ. బూస్ట్ (టర్బో ఇంజనులోకి గాలిని తోసే ఒత్తిడి) పెంచడమే తరువాయి అనుకున్న చోట ఆగిపోయాను. బూస్ట్‌లో ఉన్నప్పుడు ఈ ఇంజను ఎంత గాలికి ఎంత పెట్రోలు కాలుస్తోందో చెప్పే సాధనం నా దగ్గర లేదు.

ఎగ్జాస్ట్‌లో ఇప్పుడున్నది కారుతో పాటు వచ్చిన నారోబ్యాండ్ సెన్సర్. 1976లో వోల్వో తన 240 వరుస కార్లలో బాష్ లాంబ్డా సెన్సర్‌ను పెట్టినప్పటి నుంచి ఈ రకానికి ఉన్న పని ఒక్కటే: మిశ్రమం లాంబ్డా 1కి (పెట్రోలు కాలడానికి సరిగ్గా సరిపడా గాలి ఉన్న స్థితి; 1 కంటే తక్కువైతే పెట్రోలు ఎక్కువ) ఇటువైపు ఉందా, అటువైపు ఉందా అని చెప్పడం. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గర, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు దగ్గర నిలబడుతుంది. మధ్యలో 0.45 దగ్గర గోడలాంటి నిలువు గీత. టర్బో ఇంజనుకు పూర్తి బూస్ట్‌లో నాకు కావలసింది లాంబ్డా 0.78 నుంచి 0.82 మధ్య. ఆ ప్రాంతంలో నారోబ్యాండ్ గీత దాదాపు చదునుగా ఉంటుంది. అక్కడ వచ్చే చిన్న మార్పు మిశ్రమం వల్ల వచ్చిందా, సెన్సర్ వేడెక్కడం వల్ల వచ్చిందా తేల్చలేం.

ఇంతకు ముందు తక్కువ బూస్ట్‌లో నడిపినప్పుడు 0.88 వోల్టు చూసి ధైర్యంగా ఉన్నాను. ఆ అంకె లాంబ్డా 0.75కీ రావచ్చు, లాంబ్డా 0.88కీ రావచ్చు అని ఇప్పుడు గ్రాఫు ముందు పెట్టుకుని చూస్తుంటే గుండె జారింది. బూస్ట్‌లో లీన్ అయితే, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే, పిస్టన్ కరగడానికి కొన్ని సెకన్లు చాలు. భయపడి మరీ రిచ్‌గా పోస్తే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. రెండూ ఇంజనుకు చేటే. లాంబ్డా ఎంతో అంకెల్లో చెప్పగల వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ఇక బూస్ట్ పెంచకూడదని నిర్ణయించుకున్నాను.

4వ రోజు: గేజి కాదు, ముందు సెన్సర్

మూడు రోజులు గేజిలు చూస్తూ గడిపాను. గుండ్రటి డయల్, రంగుల వెలుగు, అంకెల పరిమాణం. నిన్న రాత్రి సెన్సర్ డేటాషీట్ తెరిచాక ఆ మూడు రోజులూ తప్పు చివర నుంచి మొదలుపెట్టానని అర్థమైంది. గేజి చూపే అంకె పుట్టేది ఎగ్జాస్ట్ పైపులో. అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోకుండా పెట్టె ఎంచుకోవడం కుదరదు.

వైడ్‌బ్యాండ్‌లో రెండు అరలు ఉంటాయి. ఒకటి నారోబ్యాండ్ లాంటిదే, నెర్న్‌స్ట్ సెల్ అంటారు. రెండోది పంపు సెల్. వాటి మధ్య సన్నని సందు, అందులోకి ఎగ్జాస్ట్ వాయువు కొద్దికొద్దిగా ఊరుతుంది. నెర్న్‌స్ట్ సెల్ ఎప్పుడూ 0.45 వోల్టు చూపేలా, సెన్సర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె అయిన కంట్రోలర్ ఆ సందులోకి ఆక్సిజన్ తోస్తుంది, లేదా బయటికి లాగుతుంది. అంటే లోపల ఎప్పుడూ లాంబ్డా 1 ఉండేలా కాపలా కాస్తుంది. అందుకు ఎంత కరెంటు వాడవలసి వచ్చిందన్నదే మనకు కావలసిన కొలత. లాంబ్డా 1 దగ్గర కరెంటు దాదాపు సున్నా. లీన్ అయితే ఒక దిశలో, రిచ్ అయితే ఎదురు దిశలో. ఇంత సున్నితమైన పనిని పొగ గొట్టంలో, వందల డిగ్రీల వేడిలో చేయిస్తున్నారని తెలిశాక ఆ చిన్న లోహపు ముక్క మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక రకాలు. మార్కెట్లో కంట్రోలర్లలో ఎక్కువ భాగం బాష్ ఎల్‌ఎస్‌యూ కుటుంబం మీదే నడుస్తాయి: 4.2, 4.9, ఏడీవీ. ఎన్‌టీకే సెన్సర్ల మీద నడిచేవీ ఉన్నాయి. వాటికి మంచి పేరుంది గాని, సెన్సర్ పాడైతే మరొకటి తొందరగా దొరకాలన్నది నా మొదటి షరతు. అందుకే బాష్ వైపు మొగ్గాను.

4.2కీ 4.9కీ ఉన్న తేడా వెర్షను నంబరులో కనిపించేంత చిన్నది కాదు. నెర్న్‌స్ట్ సెల్‌కు పోల్చి చూసుకోవడానికి ఒక ప్రామాణిక గాలి కావాలి. 4.2 ఆ గాలిని బయటి నుంచి, తన వైర్ల లోపలి ఖాళీల గుండా పీల్చుకుంటుంది. కనెక్టర్ చుట్టూ ఆయిల్ ఆవిరో, పెట్రోలు ఆవిరో చేరితే ఆ ప్రామాణిక గాలే కలుషితమై రీడింగు జరిగిపోతుంది. 4.9లో బయటి గాలి అవసరం లేదు. ఒక చిన్న కరెంటు ఆక్సిజన్‌ను లోపలికి పంపి ప్రామాణికాన్ని అక్కడే తయారు చేస్తుంది. నా కారులో కనెక్టర్ వచ్చే చోటు గేర్‌బాక్స్ పక్కన, ఎప్పుడూ కొంత నూనె మరక ఉండే చోటు. కాబట్టి 4.2 ఆధారిత కంట్రోలర్లన్నీ జాబితాలోంచి తీసేశాను. ఏడీవీ ఇంకా కొత్తది, త్వరగా వేడెక్కుతుంది, కానీ దాన్ని నడిపే కంట్రోలర్లు తక్కువ. 4.9 ఖాయం.

6వ రోజు

ఈసీయూలో ఏ కొలమానం పెట్టాలన్నది తేల్చుకున్నాను. గాలి-ఇంధన నిష్పత్తి కాదు, లాంబ్డా.

పెట్రోలుకు సరైన గాలి-ఇంధన నిష్పత్తిగా 14.7 అనే అంకెకు అందరం అలవాటు పడ్డాం. కానీ సెన్సర్‌కు 14.7 తెలియదు. దానికి తెలిసింది ఆక్సిజన్ మిగిలిందా, కొరత పడిందా అన్నదే, అంటే లాంబ్డాయే. ఆ లాంబ్డాను గేజి 14.7తో గుణించి మనకు చూపుతుంది. పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలిస్తే సరైన నిష్పత్తి 14.1కి దిగుతుంది. గేజి మాత్రం 14.7 అనే చూపుతుంది. 85 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనానికైతే సరైన నిష్పత్తి దాదాపు 9.8. లాంబ్డాలో రాసుకుంటే వీటన్నింటికీ 1 అంటే 1, 0.80 అంటే 0.80. రేపు ఇంధనం మారినా నా టార్గెట్ పట్టికను ముట్టుకోనక్కరలేదు. పాత పట్టికలో 11.5 ఉన్నచోట 0.78, 12.0 ఉన్నచోట 0.82 వేశాను. అరగంట పని.

9వ రోజు: కంట్రోలర్

చివరికి మూడు మిగిలాయి. ఏఈఎం ఎక్స్-సిరీస్ గేజి: 4.9 సెన్సర్, 0 నుంచి 5 వోల్టుల అనలాగ్ అవుట్‌పుట్, క్యాన్ (కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలు అంకెలు ఇచ్చిపుచ్చుకునే డిజిటల్ దారి) అవుట్‌పుట్ కూడా. ఇన్నోవేట్ ఎల్‌సీ-2: గేజి లేని చిన్న కంట్రోలర్, రెండు అనలాగ్ అవుట్‌పుట్లు, వాటి రేంజిని కంప్యూటర్ ద్వారా మార్చుకోవచ్చు. ఒక అవుట్‌పుట్‌ను నారోబ్యాండ్ లాగా నటింపజేయవచ్చు కాబట్టి పాత ఈసీయూనే ఉంచుకున్నవారికి అది వరం. మూడోది 14పాయింట్7 వారి స్పార్టన్ 3: ఇదీ గేజి లేనిదే, అనలాగ్‌తో పాటు క్యాన్ కూడా ఉంది.

నా ఈసీయూలో క్యాన్ ఉంది. అందుకే క్యాన్ ఇవ్వగలిగేదే కావాలనుకున్నాను. అనలాగ్‌లో వోల్టేజీయే సమాచారం. దారిలో వోల్టేజీ కొంచెం కదిలితే సమాచారమూ కదులుతుంది. క్యాన్‌లో అంకె అంకెగానే వెళ్తుంది, దారిలో మారదు. ఇది కాగితం మీద చదివినప్పుడు పెద్ద విషయంగా అనిపించలేదు. ఎంత పెద్దదో 23వ రోజు తెలిసింది. అక్కడ రాస్తాను.

డ్రైవింగ్ సీట్లోంచి కంటికి కనిపించే గేజి కూడా కావాలి. ఈసీయూ రాసిపెట్టే లాగ్‌ను తర్వాత చూస్తాం, కానీ బూస్ట్‌లో లీన్ అయితే ఆ క్షణమే కాలు ఎత్తాలి. గేజి, క్యాన్, 4.9 మూడూ ఒకే చోట ఉన్న మొదటిదాన్ని తీసుకున్నాను. పక్కవారి కారుకు ఇదే సరైనదని అనను. పాత ఈసీయూ ఉన్న కారైతే నేనే ఎల్‌సీ-2 తీసుకునేవాణ్ని.

12వ రోజు

సెన్సర్ వచ్చింది. బాష్ 17025. నకిలీలు తిరుగుతున్న సరుకు కాబట్టి లోహం మీది చెక్కుడు అక్షరాలు, డబ్బా మీది నంబరు, వైరు మీది ముద్ర పోల్చి చూసుకున్నాకే బల్ల మీద పెట్టాను.

ఇక్కడ ఒక తప్పు చేయబోయి ఆగాను. కారు నేల రేకులో ఉన్న రంధ్రం సెన్సర్ కనెక్టర్ కంటే చిన్నది. కనెక్టర్ కోసేసి, వైర్లు లోపలికి తీసుకుని, మళ్లీ అతుకుదామని కట్టర్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు వైర్లు లెక్కపెట్టాను. సెన్సర్ నుంచి వస్తున్నవి ఐదు: ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, బూడిద రంగు. కనెక్టర్‌లో పిన్నులు మాత్రం ఆరు. ఆరో పిన్నుకు వైరే లేదు.

ఆ ఆరో పిన్ను కనెక్టర్ లోపలే ఉన్న ఒక చిన్న రెసిస్టర్‌ది. తయారయ్యే ప్రతి సెన్సర్‌లో ఆ సన్నని సందు వెంట్రుకవాసి తేడాతో వస్తుంది కాబట్టి ఒకే మిశ్రమానికి ఒక్కోటి ఒక్కో కరెంటు ఇస్తుంది. ఆ తేడాను ఫ్యాక్టరీలో కొలిచి, దాన్ని సరిదిద్దే విలువకు ఈ రెసిస్టర్‌ను లేజర్‌తో చెక్కుతారు. అంటే ఈ సెన్సర్ కాలిబ్రేషన్ ఆ ప్లాస్టిక్ కనెక్టర్‌లో ఉంది. దాన్ని కోసి వేరే కనెక్టర్ తొడిగి ఉంటే సెన్సర్ పనిచేసినట్టే కనిపించేది, అంకెలు వచ్చేవి, అవన్నీ ఎంతో కొంత తప్పుగా ఉండేవి. కట్టర్ పక్కన పెట్టి, రంధ్రాన్నే పెద్దది చేసి, అంచుకు రబ్బరు గ్రోమెట్ వేశాను.

15వ రోజు: బంగ్ వెల్డింగ్

సెన్సర్ బిగించడానికి పైపుకు అతికే మరలున్న ఉక్కు ఉంగరాన్ని బంగ్ అంటారు. మర ఎం18, పిచ్ 1.5. డౌన్‌పైప్ (టర్బో తర్వాత వచ్చే ఎగ్జాస్ట్ పైపు) విప్పి వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎగ్జాస్ట్ పనిలో చెయ్యి తిరిగిన మనిషి.

"తమ్ముడూ, ఇక్కడ మానిఫోల్డ్ మీద చదునైన చోటుంది. టర్బోకు ముందు. వాయువు తాజాగా తగులుతుంది, ఇక్కడ పెట్టేద్దామా?"

"వద్దన్నా. టర్బోకు ముందు వేడి ఎక్కువ, ఒత్తిడి కూడా ఎక్కువ. వేడికి సెన్సర్ పోతుంది. ఒత్తిడికి రీడింగు తప్పు వస్తుంది."

"తప్పంటే ఎటు?"

మంచి ప్రశ్న. ఆయన అడిగాకే నేను పూర్తిగా ఆలోచించాను. ఒత్తిడి పెరిగితే సందులోకి వాయువు ఎక్కువగా దూరుతుంది, పంపు కరెంటు పెరుగుతుంది. లాంబ్డా 1 దగ్గర కరెంటే లేదు కాబట్టి అక్కడ తేడా రాదు. లీన్ ఉంటే ఇంకా లీన్‌గా, రిచ్ ఉంటే ఇంకా రిచ్‌గా చూపుతుంది. బూస్ట్‌లో ఇంజను నిజంగా 0.82లో ఉంటే సెన్సర్ అంతకంటే రిచ్ అని చెబుతుంది. అది నమ్మి నేను పెట్రోలు తగ్గిస్తాను. ఇంజనును చంపే వైపే ఆ తప్పు ఉంటుంది. ఇది చెప్పగానే ఆయన మానిఫోల్డ్ మీద నుంచి చెయ్యి తీసేశారు.

టర్బో తర్వాత సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో, కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందు చోటు నిర్ణయించాం. ఈ సెన్సర్ మొన దగ్గర వాయువు ఎక్కువసేపు 930 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. టర్బో తన చక్రం తిప్పుకోవడంలో కొంత వేడిని తినేస్తుంది, మిగిలింది ఆ దూరంలో ఇంకా తగ్గుతుంది. ఇక కోణం. స్టార్ట్ చేసిన కొత్తలో పైపులో నీటి చుక్కలు ఉంటాయి. లోపలి సిరామిక్ మీద, అదీ హీటర్ కాలుతున్నప్పుడు, చుక్క పడితే అది పగులుతుంది. అందుకే సెన్సర్ మొన కిందికి చూడాలి, అడ్డగీత నుంచి కనీసం 10 డిగ్రీలు పైకి లేచి ఉండాలి. గడియారంలో పది గంటలకూ రెండు గంటలకూ మధ్య అనుకుంటే సరిపోతుంది.

ఆయన చెప్పిన మాట ఒకటి రాసుకోవాలి: "బల్ల మీద పైన అనిపించేది కారులో పక్కకు పోతుంది. ముందు పైపు బిగించి గుర్తు పెట్టుకుని, తర్వాత విప్పి అతుకుదాం." రెండు గంటలు అదనంగా పట్టింది. గుర్తు పెట్టాక చూస్తే నేను బల్ల మీద సుద్దతో గీసిన చోటు కారులో దాదాపు మూడు గంటల స్థానంలోకి వెళ్లింది. వెల్డింగ్ వేడికి మర వంకర పోకుండా బంగ్‌లో ఒక ఉక్కు ప్లగ్ బిగించి అతికారు. చల్లారాక ట్యాప్ ఒకసారి నడిపి మర శుభ్రం చేశాం. వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ సెన్సర్ తన డబ్బాలోనే ఉంది.

16వ రోజు

సెన్సర్ బిగింపు: 50 న్యూటన్ మీటర్లు. మర మీద ఫ్యాక్టరీ పూసిన పేస్ట్ చాలు, ఇంకేమీ రాయలేదు. సిలికాన్ సీలెంట్ దగ్గరికి కూడా రానివ్వలేదు. దాని ఆవిరి సెన్సర్‌కు విషం.

19వ రోజు: మొదటి స్టార్ట్

సెన్సర్ హీటర్‌కు 12 వోల్టులు నేరుగా ఇవ్వరు. కంట్రోలర్ దాన్ని విడతలు విడతలుగా వెలిగించి, సెల్ నిరోధాన్ని కొలుస్తూ సుమారు 780 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. కరెంటు ఇగ్నిషన్‌తో వెలిగే రిలే నుంచి, వేరే ఫ్యూజుతో ఇచ్చాను. పెట్టిన సెన్సర్‌కు కరెంటు లేకుండా ఇంజను నడపకూడదు. చల్లగా ఉన్న సిరామిక్ మీద మసి పేరుకుంటుంది.

స్టార్ట్ చేశాను. గేజి లెక్కపెట్టుకుని అంకె చూపింది. ఐడిల్‌లో 1.09.

అంత లీన్‌గా ఉంటే ఇంజను తడబడాలి. కానీ నున్నగా తిరుగుతోంది. పెట్రోలు ఐదు శాతం పెంచితే రీడింగు రిచ్ వైపు కదిలింది గాని, ఇంజను చప్పుడు బరువెక్కింది, ఎగ్జాస్ట్ వాసన ఘాటెక్కింది. రేసు 3000 దగ్గర పట్టి ఉంచితే మాత్రం అంకె టార్గెట్‌కు దగ్గరగా వచ్చింది. ఐడిల్‌లో ఒకటి, వేగంలో ఒకటి అంటే నాకు వచ్చిన మొదటి అనుమానం లీకేజీ. ఎగ్జాస్ట్ పైపులో ఒత్తిడి సమానంగా ఉండదు, కెరటంలా వచ్చి పోతుంది. ఐడిల్‌లో కెరటానికీ కెరటానికీ మధ్య పైపు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సర్ నిజాయితీగా లెక్కపెడుతుంది. సిలిండర్‌లో మంట అంటుకోక మిస్‌ఫైర్ అయినా ఇంతే. కాలని పెట్రోలుతో పాటు కాలని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, గేజి లీన్ అంటుంది.

ఇంజను చల్లారాక వాక్యూమ్ క్లీనర్‌ను ఊదే వైపు పెట్టి సైలెన్సర్ చివర గుడ్డతో బిగించాను. సబ్బు నీళ్లు కుంచెతో అతుకులన్నింటికీ రాశాను. బంగ్ వెల్డింగ్ దగ్గర ఒక్క బుడగ లేదు. టర్బోకూ డౌన్‌పైప్‌కూ మధ్య ఫ్లాంజి కింది మూలలో, చెయ్యి పట్టని బోల్టు పక్కన, బియ్యపు గింజంత బుడగలు వరసగా లేచి పగులుతున్నాయి. పైపు విప్పి తిరిగి బిగించినప్పుడు పాత గాస్కెట్‌నే వాడాను. అది నా తొందర. కొత్తది వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. పెంచిన ఐదు శాతం పెట్రోలు వెనక్కి తీసేశాక ఐడిల్ 1.01కి వచ్చింది.

23వ రోజు: ఒకే సెన్సర్, రెండు అంకెలు

క్యాన్ వైరు ఇంకా లాగలేదు. ముందు అనలాగ్‌తో చూద్దామని గేజి నుంచి వచ్చే తెల్ల వైరును ఈసీయూకు కలిపాను. తక్కువ బూస్ట్‌లో ఒక పరుగు తీశాను, పక్క సీట్లో కూర్చున్న మిత్రుడు గేజి చూస్తూ గట్టిగా చదివాడు: 0.79. ఇంటికి వచ్చి లాగ్ తెరిస్తే అదే క్షణంలో 0.81.

0.02 అంటే చిన్నదనిపిస్తుంది. నేను పనిచేయబోయే కిటికీయే 0.78 నుంచి 0.82. అందులో సగం పోయింది.

అనలాగ్ అమరికలో 0.5 వోల్టుకు 0.58, 4.5 వోల్టులకు 1.23. అంటే ఒక వోల్టుకు సుమారు 0.162. తేడా 0.02 రావాలంటే ఎక్కడో 0.12 వోల్టు దగ్గర కదలాలి. మల్టీమీటర్ ఒక కాలును గేజి ఎర్త్ వైరుకు, రెండోది ఈసీయూ ఎర్త్‌కు పెట్టాను. ఇంజను ఆఫ్‌లో సున్నా. ఇంజను ఆన్, హెడ్‌లైట్లు ఆన్, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుండగా: 0.14 వోల్టు. ఫ్యాన్ ఆగగానే 0.09. మళ్లీ తిరగగానే 0.14. వైరు కదపకుండా, మిశ్రమం మారకుండా, ఫ్యాన్ తిరిగితే లాంబ్డా మారుతోంది!

గేజి ఎర్త్‌ను డ్యాష్‌బోర్డు కింద రేకుకు బిగించాను. ఈసీయూ ఎర్త్ సిలిండర్ హెడ్ మీద ఉంది. లైట్ల కరెంటు, ఫ్యాన్ కరెంటు, సెన్సర్ హీటర్ కరెంటు అన్నీ ఆ రేకు గుండానే బ్యాటరీకి తిరిగి వెళ్తుంటే గేజికి సున్నా అనిపించేది ఈసీయూకు 0.14గా కనిపిస్తోంది. నా అదృష్టం, ఇక్కడ తప్పు లీన్ వైపు చూపింది, నేను పెట్రోలు పెంచి ఉండేవాణ్ని. ఎర్త్‌లు అటూ ఇటూ అయి ఉంటే తగ్గించేవాణ్ని.

గేజి ఎర్త్‌ను రేకు మీద నుంచి తీసి, మందమైన వైరుతో సిలిండర్ హెడ్ మీద ఈసీయూ ఎర్త్ ఉన్న అదే బోల్టుకు తెచ్చాను. రంగు గీకి, మెరిసే లోహం కనిపించాక బిగించాను. ఇప్పుడు ఫ్యాన్ తిరిగినా 0.01 దాటలేదు. అయినా ఆ సాయంత్రమే క్యాన్ జత వైర్లు మెలితిప్పి లాగేశాను. గేజి 0.79 అంటే లాగ్ 0.79.

27వ రోజు

సెన్సర్ ఆరోగ్యం చూసుకోవడానికి ఒక మంచి పద్ధతి దొరికింది. వేగంలో ఉండగా కాలు పూర్తిగా ఎత్తితే ఈసీయూ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. అప్పుడు పైపులో ఉన్నది ఉత్త గాలి, 20.9 శాతం ఆక్సిజన్. రీడింగు లీన్ వైపు చివరి అంచుకు చటుక్కున పోవాలి. ఎంతసేపట్లో పోతోందో లాగ్‌లో కొలిచి, ఈ రోజు తేదీతో దాచాను. సెన్సర్ ముసలిదైతే ఈ ఎక్కుడు నెమ్మదిస్తుంది. నెలకోసారి పోల్చుకుంటాను.

తర్వాత మూడో గేరులో 0.5 బార్ బూస్ట్‌తో మూడు పరుగులు. 3500 దగ్గర 0.80, 5000 దగ్గర 0.79. 5800 దాటాక 0.84కి జారింది. మూడు పరుగుల్లోనూ అదే చోట, అదే అంకె. నారోబ్యాండ్‌తో ఇది నాకు ఎప్పటికీ కనిపించేది కాదు. ఇంజెక్టర్లు అప్పటికి 70 శాతం మాత్రమే తెరుచుకుంటున్నాయి, కాబట్టి అవి చాలకపోవడం కాదు. ఇంధన ఒత్తిడి ఆ చోట పడిపోతోందని అనుమానం. ఫ్యూయల్ రైలు మీద ప్రెషర్ సెన్సర్ పెట్టి, దాన్నీ ఇదే లాగ్‌లోకి తీసుకురావాలి. అది తేలేవరకు రేసు పరిమితి 5500 దగ్గర పెట్టాను, బూస్ట్ 0.5 దగ్గరే ఉంటుంది.